త్యాగరాయనగరం: పటం గీసిన తరువాత వినిపించిన గొంతులు

మదరాసు తెలుగువారికి త్యాగరాయనగరాన్ని పరిచయం చేయనక్కరలేదు. పానగల్ పార్కు, గోపతి నారాయణస్వామి చెట్టి పేరు మోసిన రోడ్డు, వెంకటనారాయణ రోడ్డులో తిరుపతి దేవస్థానం వారి గుడి, చిత్తూరు నాగయ్యగారు పూనుకొని నిలబెట్టిన వాణీమహల్, బజుల్లా రోడ్డులో రామారావుగారి ఇల్లు - ఇవన్నీ మన జ్ఞాపకాలలో భాగాలే. కాపురాల కోసం వేసిన ఈ పేట అంగళ్ళ పేటగా ఎలా మారింది, ఆ మార్పులో అక్కడ నివసించేవారి మాట ఎంతవరకు చెల్లింది అన్న సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోం. ఆ కథ ఒక్క చెన్నపట్నానిదే కాదు. బెంగుళూరులోనో, ముంబయిలోనో, బరంపురంలోనో ఉన్న తెలుగువారికీ అది పనికివచ్చే కథ.

కథ 1914లో మొదలవుతుంది. అప్పటి మదరాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ ఆహ్వానంపై పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు పండితుడు ఇండియాకు బయలుదేరాడు. ఆయన జీవశాస్త్రజ్ఞుడు. పట్టణాన్ని కూడా ప్రాణమున్న వస్తువుగా చూడాలన్నది ఆయన సిద్ధాంతం. వెంట తీసుకురావలసిన నగర నిర్మాణ ప్రదర్శన సామగ్రిని వేరే ఓడలో ఎక్కించారు. ఆ ఓడను జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ సముద్రంలో ముంచివేసింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మదరాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ అదే. మిత్రులు మళ్ళీ పటాలూ బొమ్మలూ పోగుచేసి పంపగా, 1915 జనవరిలో మదరాసు విశ్వవిద్యాలయం సెనేట్ హాలులో ఆ ప్రదర్శన జరిగింది.

గెడ్డెస్ ఆ రోజులలోనే మదరాసు రాజధానిలోని కొన్ని పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. వాటిలో తంజావూరు, మదురై, బళ్ళారి ఉన్నాయి. మూడూ తెలుగువాళ్ళు తరతరాలుగా కాపురమున్న ఊళ్ళే. అప్పటి ఇంజనీర్ల పద్ధతి ఒకటే. ఇరుకు సందులున్న చోట కొలబద్ద పెట్టి తిన్నని గీత గీయడం, గీతకు అడ్డువచ్చిన ఇళ్ళను పడగొట్టి వెడల్పయిన రోడ్డు వేయడం. గెడ్డెస్ సందు సందూ కాలినడకన తిరిగాడు. ఏ ఇల్లు పాడుపడింది, ఎక్కడ ఖాళీ జాగా ఉంది, ఏ చెట్టు కింద జనం కూర్చుంటారు, ఏ బావి వాడుకలో ఉంది అని చూసుకొన్నాడు. పాడుపడిన నాలుగిళ్ళు తీసి, ఖాళీ స్థలాలు కలిపితే సందులు వాటంతట అవే వెడల్పవుతాయి గదా అన్నాడు. తంజావూరు కోటలో ఈ పద్ధతికయ్యే ఖర్చు ఇంజనీర్ల అంచనాలో సుమారు ఆరో వంతేనని లెక్క కట్టాడు. ఇళ్ళు పడగొట్టినంత మాత్రాన జనం మాయమైపోరు, పక్క పేటలో మరింత కిక్కిరిసిపోతారు అన్నది ఆయన ముఖ్యమైన వాదన.

ఆయన మాటలలో మనం పట్టుకోవలసినది ఒకటుంది. జనాన్ని కలుపుకోవలసింది పటం గీసిన తరువాత కాదు, గీయకముందు. 1917లో ఇందూరు సంస్థానంలో ఆయన ఈ పనిని దీపావళి పండుగతో ముడిపెట్టి చేయించాడు. శుభ్రంగా ఉన్న వీధుల గుండానే ఊరేగింపు వెళుతుందని చాటించాడు. ప్లేగు తెచ్చే ఎలుక బొమ్మను ఊరేగించి, రాక్షసుడి బొమ్మను తగలబెట్టించాడు. ఊరివాళ్ళు పోటీపడి ఇళ్ళూ వీధులూ బాగుచేసుకొన్నారు. నగర నిర్మాణాన్ని జనానికి అర్థమయ్యే భాషలో చెప్పడమంటే అదే.

గెడ్డెస్ వెళ్ళిపోయాడు. ఆయన తరువాత మదరాసుకు సలహాదారుగా వచ్చిన లాంచెస్టర్ 1918లో మదరాసు నగర నిర్మాణంపై ఒక పుస్తకం ప్రచురించాడు. 1920లో మదరాసు నగర నిర్మాణ చట్టం వచ్చింది. బొంబాయిలో అలాంటి చట్టం అప్పటికి ఐదేళ్ళ క్రితమే, 1915లో వచ్చి ఉంది. మన చట్టంలో పద్ధతి ఇది: పురపాలక సంఘం పథకం ముసాయిదా తయారుచేస్తుంది, దాన్ని ప్రచురిస్తుంది. సంబంధం ఉన్నవారు అభ్యంతరాలు చెప్పుకొంటారు. ప్రభుత్వం మంజూరు చేస్తుంది. అంటే నివాసి పాత్ర రెండో అంకంలో మొదలవుతుంది. వీధి తిరిగి అడగడం పోయింది, కాగితం అంటించి అభ్యంతరాలుంటే చెప్పమనడం వచ్చింది. నూరేళ్ళు దాటినా మన చట్టాలు ఈ ఒరవడి నుంచి పెద్దగా కదలలేదు.

ఈ చట్టం కింద మదరాసులో జరిగిన పెద్ద పని త్యాగరాయనగరం. మైలాపూరు, నుంగంబాక్కంల పడమటి వైపున లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువు ఉండేది. 1923లో దాన్ని ఖాళీ చేయడం మొదలుపెట్టి, మాంబళంలో కొత్త పేట వేశారు. జస్టిస్ పార్టీ ప్రభుత్వం నడుస్తున్న కాలమది. ప్రధానమంత్రి పానగల్ రాజా, అంటే పానగంటి రామారాయణింగారు. జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు, మదరాసు కార్పొరేషనుకు అధ్యక్షుడుగా పనిచేసినవారు పిట్టి త్యాగరాయ చెట్టి. 1925లో కన్నుమూసిన ఆయన పేరే పేటకు పెట్టారు. ఇద్దరూ తెలుగువారే. ఉస్మాన్, డాక్టర్ నాయర్, నటేశన్, తణికాచలం - ఆనాటి నాయకుల పేర్లన్నీ రోడ్లకూ పార్కులకూ దక్కాయి. పానగల్ పార్కు దగ్గర పెద్ద రోడ్లు కలుసుకొనేలా, మధ్య మధ్య తోటలు వచ్చేలా పటం గీశారు. తోటలూ పెరళ్ళూ ఉన్న ఇళ్ళ పేట కావాలన్నది వారి ఊహ.

1931లో మదరాసు బీచి నుంచి తాంబరం దాకా విద్యుత్తు రైళ్ళు వచ్చాయి. మాంబళం స్టేషను నుంచి ఉస్మాన్ రోడ్డుకు వచ్చే రంగనాథన్ వీధిలో మనుషుల రాకపోకలు పెరిగాయి. మనుషులు నడిచే చోట అంగడి పెట్టడం సహజమే. ముందు వీధి అరుగుమీద దుకాణం, తరువాత కింది అంతస్తంతా దుకాణం, ఆ తరువాత ఇల్లు పడగొట్టి నగల కొట్టో బట్టల కొట్టో. ఇందులో దొంగతనమేమీ లేదు. పట్టణాలు మారుతూనే ఉంటాయి. ఏ వీధి మారవచ్చు, ఎంతవరకు మారవచ్చు, ఆ వీధిలో ఉన్నవారిని ఎవరడిగారు - ప్రశ్న అక్కడ వస్తుంది.

ఈ ప్రశ్నకు సమాధానంగానే 1971లో తమిళనాడు నగర గ్రామ నిర్మాణ చట్టం పాత 1920 చట్టం స్థానంలో వచ్చింది. 1975లో మదరాసు మహానగరానికి మొదటి బృహత్ ప్రణాళిక మంజూరయింది. ఊరంతా మండలాలుగా విడదీశారు. ఇది ప్రాథమిక నివాస మండలం, ఇది మిశ్రమ నివాస మండలం, ఇది వాణిజ్య మండలం అని. ప్రణాళిక ముసాయిదాపై అభ్యంతరాలు చెప్పుకోవడానికి చట్టం రెండు నెలలకు తగ్గని గడువిచ్చింది. కాగితం మీద న్యాయంగానే ఉంది.

అదే చట్టంలో 113వ సెక్షను ఒకటున్నది. ఏ స్థలానికైనా, ఏ భవనానికైనా చట్ట నిబంధనల నుంచి ప్రభుత్వం మినహాయింపు ఇవ్వవచ్చునన్నది దాని సారాంశం. ప్రణాళికకు అభ్యంతరం చెప్పే పొరుగువాడికి రెండు నెలల గడువూ, పత్రికా ప్రకటనా ఉన్నాయి. పక్కింటి స్థలంలో అదనంగా అంతస్తులు లేపడానికి ఇచ్చే మినహాయింపు సంగతి మాత్రం ఆ పొరుగువాడికి పునాది తవ్వేటప్పుడుగాని తెలియదు. ముందు తలుపు దగ్గర అభ్యంతరాల పెట్టె, పెరటి తలుపు దగ్గర మినహాయింపుల పెట్టె!

ఇలాంటి 62 ఉత్తర్వులను చెన్నైలోని కన్స్యూమర్ యాక్షన్ గ్రూపు అనే పౌర సంస్థ సవాలు చేసింది. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మినహాయింపు ఇచ్చే అధికారం చట్టం ఉద్దేశ్యాన్ని నిలబెట్టడానికే గాని దెబ్బతీయడానికి కాదన్నది. అయితే అంతకుముందు 1998లో చేర్చిన 113-ఏ సెక్షనును, అంటే రుసుము కట్టించుకొని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే ఏర్పాటును, ఒక్కసారికి మాత్రమే అన్న ఊహతో నిలబెట్టింది. ఆ ఒక్కసారి ఒక్కసారితో ఆగలేదు. గడువు తేదీని ఏటేటా ముందుకు జరుపుతూ వచ్చారు. 2006లో మదరాసు హైకోర్టు ఆ పొడిగింపులను కొట్టివేసి, పర్యవేక్షణ సంఘాన్ని నియమించింది. త్యాగరాయనగరంలోని పెద్ద దుకాణాలపై చర్యలు మొదలయ్యాయి. 2007లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటికి అడ్డువేసింది. మళ్ళీ 2012లో 113-సి అనే మరో సెక్షను వచ్చింది.

ఈ తగవులో వ్యాపారులను మాత్రమే తప్పుపట్టడం అన్యాయం. ఆ దుకాణాలలో వేలమంది పనిచేసి బతుకుతున్నారు. పెళ్ళిళ్ళకు మనమూ అక్కడే బట్టలు కొంటాం. అయినా అడగవలసిన వాళ్ళను అడగకపోతే నష్టం అందరిదీ అవుతుంది. 2008 సెప్టెంబరులో రంగనాథన్ వీధిలోని ఒక దుకాణంలో నిప్పంటుకొని ఇద్దరు చనిపోయారు. 2017 మే 31న ఉస్మాన్ రోడ్డులోని బహుళ అంతస్తుల బట్టల దుకాణం కాలిపోగా, మిగిలిన కట్టడాన్ని కూల్చివేయవలసి వచ్చింది. 2021 నవంబరు వానలకు పేట వీధులు నీళ్ళలో మునిగాయి. చెరువు కడుపులో కట్టిన పేట అది. ఆ సంగతి పటానికి గుర్తులేకపోయినా నీటికి గుర్తుంటుంది. ఏ వీధిలో ఎంత నీరు నిలుస్తుందో, ఏ సందులోకి ఫైరింజను రాలేదో అక్కడ నలభై యేళ్ళుగా ఉన్న గృహిణికి తెలిసినంతగా కార్యాలయంలో పటానికి తెలియదు. గెడ్డెస్ కాలినడకన తిరిగి సంపాదించిన జ్ఞానం ఇదే.

1992లో పార్లమెంటు చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాల జాబితా ఉన్నది. మొదటిది నగర నిర్మాణ ప్రణాళిక, రెండవది భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. జాబితాలో ముందు నిలిచిన ఈ రెండే పెద్ద నగరాలలో ఎన్నికైన సభ్యుల చేతికి చివరగా కూడా రాలేదు. చెన్నైలో ప్రణాళిక అధికారం మహానగరాభివృద్ధి సంస్థ దగ్గరే ఉన్నది. 2022 అక్టోబరులో ఆ సంస్థ పరిధి 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెరిగింది. పటం పెద్దదయినకొద్దీ వీధి చిన్నదవుతుంది. అదే సంవత్సరం నవంబరు 1న తమిళనాడులో ఏరియా సభలు మొదలయ్యాయి. వాటిలో చెత్త, దీపాలు, తాగునీరు గురించి మాట్లాడుకొంటారు. పక్క వీధి నివాస మండలం నుంచి వాణిజ్య మండలంగా మారాలా వద్దా అన్నది అక్కడ తేలే విషయం కాదు.

బెంగుళూరు సంగతీ దాదాపు ఇంతే. 1961 నాటి కర్ణాటక చట్టంలో ముసాయిదాపై అభిప్రాయాలు తెలుపడానికి 60 రోజుల గడువున్నది. 2017 నవంబరులో 2031 నాటికని వేసిన ప్రణాళిక ముసాయిదా బయటికి వస్తే అభ్యంతరాలు వేలకొద్దీ వచ్చిపడ్డాయి. 2020లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకొన్నది. నివాసుల గొంతుకు బలమున్నదనడానికి ఆ వేల కాగితాలు సాక్ష్యం. ఆ గొంతును ముందే విని ఉంటే ఏళ్ళ తరబడి చేసిన పని వృథా అయ్యేది కాదు గదా అన్నది వాటి వెనుక ఉన్న పాఠం.

త్యాగరాయనగరంలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ కూడా ఉన్నది. పాండీ బజారును నడిచేవారి వీధిగా మార్చేముందు కొన్ని రోజులు వాహనాలు ఆపి ప్రయోగం చేసి చూశారు. జనం తమ కళ్ళతో చూసి, తమ కాళ్ళతో నడిచి మంచిచెడ్డలు తెలుసుకొన్నారు. 2019 నవంబరులో ఆ వీధి తెరిచారు. పటం చదవడం రానివాడికి కూడా వీధి చదవడం వస్తుందని దీనివల్ల తేలింది.

ఇక మన సంగతి. రెండవ ప్రణాళిక 2008లో మంజూరయింది. దాని గడువు 2026 వరకే గనుక, 2046 వరకు వర్తించేలా మూడవ ప్రణాళిక పని చేపట్టారు. ఇలాంటి ప్రకటనలు పత్రికలలో తమిళంలోనో, కన్నడంలోనో, ఇంగ్లీషులోనో చిన్న అక్షరాలలో వస్తాయి. మన పెద్దవాళ్ళు చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో అక్కడి భాష మాట్లాడతారేగాని ఆ లిపిలో సర్కారు భాష చదవలేరు. అడిగేవాళ్ళు లేక, చదివి చెప్పేవాళ్ళు లేక గడువు దాటిపోతుంది. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ కష్టాన్ని విన్నవించుకొనే అర్జీని కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు ఇచ్చుకోవచ్చు. తెలుగులో రాసినంత మాత్రాన అర్జీ చెల్లకుండా పోదు. స్థానిక భాషలో ఒక ప్రతి జతచేస్తే పని సుళువవుతుందన్నది వేరే సంగతి.

మన సంఘాలు ఉగాదికి కవిసమ్మేళనాలు పెడతాయి, పిల్లలకు తెలుగు బడి నడుపుతాయి. మంచిదే. వాటితోపాటు సంవత్సరానికి ఒకసారి తమ పేట పటాన్ని గోడకు తగిలించి, తమ వీధికి ఏ రంగు వేశారో అందరికీ చదివి చెప్పే పని కూడా పెట్టుకోవచ్చు. ఏ రంగు నివాసానికి, ఏ రంగు వ్యాపారానికి, ఏది చెరువు గుర్తు, ఏది కొత్త రోడ్డు గీత అన్నది ఒక్క సాయంత్రంలో తెలుసుకోవచ్చు. త్యాగరాయ చెట్టిగారూ పానగల్ రాజాగారూ తమ పేర్లు ఒక పేటకు వదిలివెళ్ళారు. ఆ పేటలోనూ, మనం కాపురమున్న ప్రతి పేటలోనూ పటం గీసే రోజున పక్కన ఉండి మాట చెప్పవలసినవాళ్ళం మనమే.