వాల్తేరు కొలువు నుంచి విద్యాశాఖ దాకా

అనంతపురంలో 1916లో ప్రభుత్వం ఒక కళాశాల పెట్టింది. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన నేల కాబట్టి దానికి సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అని పేరు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తత్వశాస్త్రం చెబుతున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలినాళ్లలోనే ఇక్కడికి వచ్చి కొద్దికాలం పనిచేశారు. చిలుకూరి నారాయణరావు పాఠాలు చెప్పిందీ ఈ కాలేజీలోనే. 1928లో నంద్యాల సభలో ఈ సీడెడ్ జిల్లాలకు, అంటే దత్తమండలాలకు, రాయలసీమ అని పేరు సూచించింది ఆయనే.

రాధాకృష్ణన్ మాత్రం ఆగలేదు. రాజమండ్రి, మైసూరు, కలకత్తా మీదుగా 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా వాల్తేరు చేరారు. ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డి వదిలేసిన పదవి అది. అప్పటికి విశ్వవిద్యాలయం వయసు అయిదేళ్లు. ప్రతిభ ఉన్న కుర్రవాళ్లను ఎక్కడున్నా వెతికి తేవడమే కొత్త ఉపాధ్యక్షుడి పద్ధతి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన బెంగాలీ యువకుడు హుమాయూన్ కబీర్ అలా 1932లో వాల్తేరులో అధ్యాపకుడయ్యారు.

విశ్వవిద్యాలయం సముద్రపు ఒడ్డున ఎదుగుతుంటే సీమ నాయకుల్లో అసంతృప్తి పెరిగింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా నాయకులతో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందంలో నదీజలాలు, రాజధానితో పాటు చదువు సంగతీ చేరింది: విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు కేంద్రాలు ఉండాలి. అప్పటికే రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిపోయారు. ఉపాధ్యక్ష పీఠంలోకి కట్టమంచి మళ్లీ వచ్చారు.

రాధాకృష్ణన్ ఎన్నడూ విద్యామంత్రి కాలేదు. 1948లో కేంద్రం వేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి మాత్రం అధ్యక్షత వహించారు. గ్రామీణ విశ్వవిద్యాలయాలు పెట్టాలనీ, గ్రాంట్లు పంచడానికి ప్రత్యేక సంఘం ఉండాలనీ, విశ్వవిద్యాలయ విద్య ఉమ్మడి జాబితాలోకి రావాలనీ 1949 నివేదిక చెప్పింది. వీటిలో గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, 1953లోనే వచ్చింది. విద్య ఉమ్మడి జాబితాకు మారడానికి 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

మంత్రి అయింది వాల్తేరు అధ్యాపకుడు కబీర్. తొలి విద్యామంత్రి మౌలానా ఆజాద్ శాఖలో ఆయన ఉన్నతాధికారిగా పనిచేశారు, ఆజాద్ ఆత్మకథను అక్షరబద్ధం చేశారు, తర్వాత రాజకీయాల్లోకి దిగారు. 1963లో, సీనియర్ నాయకులు పదవులు వదిలి పార్టీ పనికి రావాలన్న కామరాజ్ ప్రణాళిక కింద, విద్యామంత్రి కె.ఎల్. శ్రీమాలి రాజీనామా చేయగా, సెప్టెంబరు 1న ఆ శాఖ కబీర్ చేతికి వచ్చింది. అప్పుడు రాష్ట్రపతి రాధాకృష్ణనే. ఒకప్పుడు తాను కొలువిచ్చిన అధ్యాపకుడు ఇప్పుడు దేశ విద్యామంత్రి! ఆ ముచ్చట మూడు నెలలు కూడా నిలవలేదు. నవంబరులో ఎం.సి. చాగ్లా వచ్చారు.

శ్రీబాగ్ ఒప్పందం చెప్పిన కేంద్రం కోసం అనంతపురం అప్పటికీ ఎదురుచూస్తూనే ఉంది. 1954లో సీమకు వచ్చిన తొలి విశ్వవిద్యాలయం తిరుపతికి వెళ్లింది. దానికి అనుబంధంగా 1968లో అనంతపురంలో పీజీ కేంద్రం తెరిచారు. 1981లో అదే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. శ్రీబాగ్‌లో ఒప్పందం కుదిరిన 44 ఏళ్లకు అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం దక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక అప్పటిదాకా ఢిల్లీలో విద్యాశాఖకు మారిన మంత్రులు పదిమందికి పైనే.