పరదేశమున బడి మూతపడిన నాడు

పరదేశమున చదువుకొను విద్యార్థికి రెండు కాగితములు ముఖ్యము. ఒకటి ఆ దేశ ప్రభుత్వము పాస్‌పోర్టుపై ముద్రించు వీసా. రెండవది అతనిని చేర్చుకొన్న విద్యాలయము వ్రాసి యిచ్చు ప్రవేశపత్రము. మొదటిదానికై మనవారు పడు ప్రయాస అందరెరిగినదే. కాని దాని ప్రాణము రెండవ కాగితమునందున్నదను సంగతి, విద్యాలయము మూతపడిన నాడు గాని పలువురకు తెలియుట లేదు. ఈ బంధమెట్లేర్పడినదో, దానివలన తెలుగు విద్యార్థులకు కలిగిన కష్టమెట్టిదో పరిశీలింతము.

ఒకప్పుడు పరదేశీయులే భాష నేర్చుకొనుటకు మన గడపకు వచ్చిరి. 1812లో చెన్నపట్టణమున ఫోర్టు సెంట్ జార్జి కళాశాల నెలకొన్నది. ఈస్టిండియా కంపెనీ కొలువునకై ఇంగ్లండునుండి వచ్చిన యువకులు అచ్చట తెలుగు, తమిళము మొదలగు భాషలను అభ్యసించిరి. 1817లో చెన్నపట్టణము చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్వ నారంభించినది ఆ కళాశాలలోనే. 1854లో ఆ కళాశాల మూతపడినది. అయినను ఆ కారణమున దేశము విడిచి పోవలసిన అగత్యము ఆ యువకులకు లేదు. వారు పాలకుల కొలువువారు. వారి నివాసము బడిపై ఆధారపడినది కాదు.

నేడు మన బిడ్డల స్థితి వేరు. అమెరికాలో విదేశ విద్యార్థుల వివరములను ఒకచో నమోదు చేయవలెనని 1996లోనే శాసనము వచ్చినది గాని, అమలు మందగించినది. 2001 సెప్టెంబరు 11న విమానములను కూల్చిన 19 మందిలో ఒకడు, కాలిఫోర్నియాలోని ఓక్లాండు నగరమున ఇంగ్లీషు నేర్పు బడిలో చేరెదనని విద్యార్థి వీసా పొంది, ఆ బడి ముఖమైనను చూడలేదు. ఇది బయటపడిన పిమ్మట ప్రభుత్వము త్వరపడినది. 2003లో ‘సేవిస్’ అను కంప్యూటరు నమోదు విధానము అమలులోనికి వచ్చినది. విద్యార్థి చేరినను, మానినను విద్యాలయము అందు తెలుపవలెను. ఐ-20 అను ప్రవేశపత్రము దానినుండియే వెలువడును. 2010 డిసెంబరులో మరియొక శాసనము వచ్చినది. దాని ప్రకారము ఇంగ్లీషు బోధించు బడులకు, విద్యాశాఖ అంగీకరించిన సంస్థ యొక్క ప్రమాణపత్రము తప్పనిసరి యైనది. అది లేని బడులు విదేశ విద్యార్థులను చేర్చుకొను అర్హతను కోల్పోయినవి.

బడి మూతపడినను, దాని అర్హత రద్దయినను విద్యార్థికి మిగులు దారులు కొద్ది: తన నమోదును అర్హతగల వేరొక విద్యాలయమునకు మార్పించుకొనుట, మరియొక తరహా వీసాస్థితికి మారుట, లేదా దేశము విడిచిపోవుట.

ఈ కష్టము తెలుగువారికి తీవ్రముగ తగిలినది 2011లో. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ పట్టణమున ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమను సంస్థ 2009లో విదేశీయులను చేర్చుకొను అనుమతి పొందినది. 2011 జనవరి 19న అధికారులు దానిని సోదా చేసిరి. నమోదైనవారు 1,500కు పైబడి యుండిరి. వారిలో అత్యధికులు భారతీయులు, అందును తెలుగువారే ఎక్కువ. వారిలో సగముకంటె ఎక్కువమంది ఒకే ఇంటి చిరునామాలో నివసించునట్లు వ్రాయబడి యుండెను! కొందరు విద్యార్థుల కాళ్లకు జాడ తెలుపు యంత్రములు తగిలించిరి. మన ప్రభుత్వము నిరసన తెలిపినది. సంస్థ స్థాపకురాలు సూసన్ సూకు 2014లో 16 సంవత్సరములకు మించిన కారాగారశిక్ష పడినది. విద్యార్థులలో కొందరు వేరు విద్యాలయములలో చేరగలిగిరి. కొందరు అప్పులతో ఇల్లు చేరిరి.

2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయపు సంగతి ఇంకను విచిత్రము. మిచిగాన్ రాష్ట్రమున ఆ సంస్థను నడపినది ప్రభుత్వాధికారులే. అక్రమముగ వీసా నిలుపుకొనువారిని, వారిని చేర్పించు దళారులను పట్టుటకై పన్నిన వల అది. అచ్చట పాఠము లేదు, ఉపాధ్యాయుడు లేడు. మొదట నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో బోధన లేదని తెలిసియే ఉద్యోగమునకై చేరినవారు కలరు. మోసపోయితిమని చెప్పినవారును కలరు. ప్రభుత్వపు అనుమతి పట్టికలో ఆ సంస్థ పేరుండుటయే తమ నమ్మకమునకు కారణమని వారి వాదము. చెల్లించిన రుసుమునకై విద్యార్థులు వేసిన దావా విచారణకు అర్హమేనని 2024 జూన్‌లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది.

తెలిసి తప్పు చేసినవానిని సమర్థింప బనిలేదు. కాని తప్పొప్పుల విచారణకు ముందే వీసాస్థితి పోవుచున్నది. హైదరాబాదులో 2008లో అమెరికా కాన్సులేటు వెలసిన పిదప వీసా కార్యాలయము మన దాపునకు వచ్చినది. విద్యాలయము మాత్రము సముద్రముల కావలనే యున్నది. నగరములోని కుటుంబమునకు అచ్చటి స్థితిగతులను విచారించి చెప్పు బంధువు ఒకరైన నుందురు. మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ వంటి అటవీప్రాంతమునుండి మొదటిసారి విదేశమునకు పోవు గిరిజన విద్యార్థికి అట్టివారెందరుందురు? పలుమారు దళారి మాటయే ప్రమాణమగును. చేను తాకట్టు పెట్టి పంపిన తండ్రికి ఆ మాటకు వెల యెంతయో పిదప గాని తెలియదు.

కావున పట్టికలో పేరు చూచుటతో తృప్తిపడరాదు. అచ్చట తరగతులు నిజముగ జరుగుచున్నవా, బోధించువారెవరు, ఇదివరకు చదివినవారేమందురు అని విచారింపవలెను. చేరిన దినముననే, తరగతికి రానక్కరలేదు, పనికి పొమ్మని చెప్పు సంస్థను అనుమానింపవలెను. రుసుము కట్టుటకు ముందే, బడి మూతపడినచో పైకము తిరిగి యిచ్చు నియమమున్నదా యని వ్రాతమూలకముగ తెలిసికొనవలెను. ఈ ప్రశ్నలు అడుగుట విద్యార్థి యొక్కని పని కాదు. అప్పు పత్రముపై వ్రాలు చేయు పెద్దల పనియు నగును.