నాలుగు హజ్‌లు ఆగిన వసీ

అబ్బా మరహూం అయి నలభై రోజులు కాకముందే మా ఇంట్లో పంపకాల మాట మొదలైంది. వసీయత్‌కు నన్నే వసీగా పెట్టి వెళ్లారు. ఇల్లెవరికి, పొలమెవరికి అన్నారు గానీ, అమ్మీ మహర్ చెల్లిందా అని ఒక్కరూ అడగలేదు. అప్పుడు నాకు సహీహ్ బుఖారీలోని హజ్రత్ జుబైర్ (రజి.) వాఖియా యాదికొచ్చింది.

హిజ్రీ 36, అంటే క్రీ.శ. 656. బస్రా దగ్గర జంగె జమల్. ఆ రోజు తాను షహీద్ అవుతానని జుబైర్ (రజి.)కు అనిపించింది. కొడుకు అబ్దుల్లాహ్‌ను పిలిచి, ఆస్తి అమ్మి ఖర్జా తీర్చమన్నారు. తీర్చలేకపోతే తన మౌలాను మదద్ అడగమన్నారు. ఆ మౌలా ఎవరని కొడుకు అడిగితే, అల్లాహ్ అని జవాబిచ్చారు.

ఆయన ఫుజూల్ ఖర్చు మనిషి కాదు. జనం అమానత్‌గా డబ్బు తెస్తే, పోతే వాళ్లకు నష్టమని, ఖర్జాగానే రాసుకునేవారు. అలా లెక్క 22 లక్షలకు చేరింది. నగదుగా ఒక్క దీనారు, ఒక్క దిర్హమ్ లేదు. ఉన్నవి గాబా భూమి, మదీనాలో 11 ఇళ్లు, బస్రాలో రెండు, కూఫాలో ఒకటి, మిస్ర్‌లో ఒకటి. లక్షా 70 వేలకు కొన్న గాబాను అబ్దుల్లాహ్ 16 లక్షలకు అమ్మారు. నాలుగు లక్షలు రావాల్సిన అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి.) మాఫ్ చేస్తానన్నా ఒప్పుకోలేదు. ఆ బాకీకి గాబాలోనే ముక్క ఇచ్చారు.

ఖర్జా తీరింది. వారిసులు మా హిస్సా ఇవ్వమన్నారు. అబ్దుల్లాహ్ ఇవ్వలేదు. మా అబ్బా బాకీ ఉన్నవాళ్లు రండి అని నాలుగేళ్లు హజ్‌లో ఏలాన్ చేయించి, ఆ తర్వాతే తర్కా పంచారు. వసీయత్ చేసిన మూడో వంతు తీశాక కూడా నలుగురు బీవీలకు తలా 12 లక్షలు వచ్చాయి. మూడో వంతులో మూడో వంతు జుబైర్ (రజి.) అబ్దుల్లాహ్ పిల్లలకు రాశారు. కొడుకులుండగా మనవలకు విరాసత్‌లో హఖ్ లేదు, వసీయత్ వల్లే దక్కింది.

వసీ డ్యూటీ తర్తీబ్ ఇదే. ముందు కఫన్-దఫన్ ఖర్చు, తర్వాత ఖర్జా, ఆ తర్వాత మిగిలినదాంట్లో మూడో వంతు దాటకుండా వసీయత్, చివర్న వారిసుల హిస్సాలు. చెల్లించని మహర్ కూడా ఖర్జానే. అది అమ్మీకి వచ్చే ఎనిమిదో వంతులో కలిసేది కాదు, దానికన్నా ముందు ఇవ్వాల్సింది.

నేను మా మస్జిద్‌లో జుమా తర్వాత ఏలాన్ చేయించాను. ఒక మేస్త్రీ వచ్చి, గోడ కట్టిన కూలీ బాకీ ఉందన్నాడు. అబ్బా డైరీలో ఆ లెక్క దొరికింది, ఇచ్చేశాను. అమ్మీ మహర్ ఆమె చేతిలో పెట్టాను. తమ్ముళ్లు కొన్నాళ్లు నారాజ్‌గా ఉన్నారు. ఉండనీ. వాళ్ల హిస్సా ఎక్కడికీ పోదు, అబ్బా మెడ మీది బోఝ్ మాత్రం ముందు దిగాలి.