శివంగి ఏ జంతువు?

నోరున్న పిల్లను "శివంగిలా ఉందమ్మా" అంటాం. మెచ్చుకోవడానికీ అదే మాట, మెటికలు విరవడానికీ అదే మాట. మరి శివంగి అంటే ఏమిటని మా గద్వాలలో అడిగి చూశాను. ఎక్కువమంది ఆడసింహం అన్నారు. ఒకరిద్దరు చిరుత అన్నారు. ఒక పెద్దావిడ మాత్రం "మా పెద్ద కోడలు" అన్నారు. తమిళులకి ఈ తికమక లేదు, సివింగి అంటే వాళ్ళకి చీతాయే. మన మాటా ఆ గూటిదే అయి ఉంటుందని నా నమ్మకం. జంతువు పోయింది, పేరు మిగిలింది. ఆ పేరు కాస్తా సింహం ఖాతాలో పడింది.

చీతా మన దేశంలో అంతరించిన తీరు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. రాజులకి అది వేటకుక్కతో సమానం. కళ్ళకి గంతలు కట్టి, బండిమీద కూచోబెట్టి తీసుకెళ్ళి, కృష్ణజింకల మంద కనబడగానే గంతలు విప్పేవారు. అక్బరు దగ్గర వెయ్యి చీతాలు ఉండేవని కొడుకు జహంగీరు రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఇంత వైభవం వెలిగినా, బందీగా ఉండి ఈనిన చీతా ఒక్కటే కనబడుతుంది, అదీ జహంగీరు కాలంలో. కట్టేసిన చోట దానికి పురుడు రాదన్నమాట. కావలసినప్పుడల్లా అడవినుంచే పట్టి తెచ్చుకోవాలి. వందల ఏళ్ళు అలా తోడుకుంటే ఏ బావి మాత్రం ఎండదు? ఇరవయ్యో శతాబ్దంలో కొందరు సంస్థానాధీశులు ఆఫ్రికానుంచి తెప్పించుకోవలసి వచ్చింది. ఆఖరుకి 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానంలో, రాజావారు ఒకే రాత్రి మూడింటిని కాల్చారు. 1952లో ఇక లేవని ప్రకటించారు.

మన సంస్థానాలూ ఇంచుమించు ఆ రోజుల్లోనే పోయాయి. గద్వాల కోటలో కాలేజీ వెలసింది, వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ పెట్టారు. రాజ్యం పోయినా గోడలకి కొత్త పని దొరికింది. జంతువుకి ఆ వీలు లేదు కదా!

ఇప్పుడేమో పోయినదాన్ని మళ్ళీ పుట్టిస్తామంటున్నారు. ఇదంతా అమెరికా వాళ్ళ గొడవ అనుకోకండి. 2000 ప్రాంతంలోనే మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ గారు చీతాను క్లోనింగ్ చేయాలని తలపెట్టారు. ఆసియా చీతాలు ఇరాన్‌లో మాత్రమే మిగిలాయి. అక్కడి కణం తెచ్చి, చిరుతపులి అండంలో పెట్టి, ఆ చిరుత కడుపునే మోయించాలని పథకం. ఇరాన్ జంతువునీ ఇవ్వలేదు, కణాన్నీ ఇవ్వలేదు. స్పెయిన్‌లో మాత్రం 2000లో చచ్చిపోయిన ఆఖరి బుకార్డో కొండమేక కణాలతో 2003లో ఒక పిల్లను పుట్టించారు. కొద్ది నిమిషాలకే ఊపిరందక పోయింది.

ఊపిరి అందిందే అనుకుందాం. చీతాపిల్ల తల్లి వెంట ఏడాదిన్నర తిరిగి వేట నేర్చుకుంటుంది. చిరుతేమో పొంచి ఉండి దూకే జాతి, చెట్టెక్కే జాతి. చీతాకి మైదానం కావాలి, పరుగు కావాలి. పెంపుడు తల్లి ఏం నేర్పుతుంది? మా గద్వాల చీరనే చూడండి. నూలు ఒడలికి పట్టు అంచు పోగుపోగునా కలిపి నేస్తారు. వందేళ్ళనాటి చీర పెట్టెలో దొరికితే ఆ బుటా దింపుకోవచ్చు, రంగు కూడా కుదరొచ్చు. అంచు కలిపే చేతివాటం మాత్రం పెట్టెలో దొరకదు, పక్కన కూచుని నేర్చుకోవాలి. చీతాకి ఆ పక్కన కూచోబెట్టుకునేవాళ్ళు లేరు.

2022 సెప్టెంబరులో నమీబియానుంచి 8, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుంచి 12 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చాయి. కొన్ని చనిపోయాయి, కొన్ని అక్కడే పిల్లల్ని పెట్టాయి. పెట్టాయంటే నాకూ సంతోషమే. కాని ఇవి ఆఫ్రికా వంశం. పోయినవాళ్ళ పేరు దత్తపుత్రుడికి పెట్టుకున్నట్టు.

అడవికి జంతువుని తెచ్చేటప్పుడు అడవిలో ఉన్న మనుషుల మాటేమిటి? ఈ ప్రశ్న శాస్త్రవేత్తల కంటే మనబోటివాళ్ళే ఎక్కువ అడగాలి. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలో పులుల కోసం కొన్ని చెంచు పెంటల్ని బయటికి తరలించే ప్రయత్నాలు నడుస్తున్నాయి. ఫరహాబాద్‌లో నిజాం వేటకోసం బంగళా కట్టుకున్నప్పుడు పులిని కాల్చింది చెంచులు కారు. ఇప్పుడు పులికి చోటు ఇమ్మని ముందుగా అడిగేది మాత్రం వాళ్ళనే. ఇల్లు, పొలం ఇస్తామంటారు. తేనె దొరికే చెట్టుని ఏ లెక్కలో వేస్తారు?

పోనీ, ఇంకా పూర్తిగా పోనివాటి సంగతైనా చూద్దామా అంటే, బట్టమేక పిట్ట ఉంది. ఆలంపురం దగ్గర తుంగభద్ర దాటి నందికొట్కూరు వైపు వెళితే రోళ్ళపాడు. ఆ పిట్టకోసమే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. చుట్టుపక్కలకి కాలువ నీళ్ళొచ్చాయి, గడ్డిబీళ్ళు పొలాలయ్యాయి. రైతుని తప్పుపట్టలేం, ఆ నీళ్ళకోసం ఎన్నాళ్ళు ఎదురుచూశారో! రాజస్థాన్‌లో 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో ఒక బట్టమేక పిల్లను పుట్టించారు. నేలమీద గడ్డిలో ఒకే ఒక్క గుడ్డు పెట్టే పిట్ట అది. రేపు దాని పిల్లల్ని ఇక్కడికి తెచ్చి వదలాలంటే, ముందు గడ్డి వేయాలి.