మాచ్‌ఖండ్ టవర్ల నీడలో

మన ఏజెన్సీలో కరెంటు ముందు పుట్టింది, తర్వాత చాలా ఏళ్లకు గానీ వెలగలేదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అది. సామర్థ్యం సుమారు 120 మెగావాట్లు. జోలాపుట్ ఆనకట్ట వెనక నీరు నిలిచినచోట గిరిజనుల ఊళ్లు, పొలాలు మునిగిపోయాయి. కరెంటు మాత్రం తీగల మీద కొండలు దిగి విశాఖపట్నం వైపు వెళ్లింది.

అదే నది కిందికి వచ్చి సీలేరు అయింది. ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రాలు వచ్చాయి. ఒకే నీటిని మెట్టుమెట్టునా వాడుకున్నారు.

తలమీదుగా తీగ పోతుంటే ఊళ్లో కిరసనాయిలు బుడ్డి ఎందుకు? ఈ ప్రశ్న మన పెద్దలు చాలాసార్లు వేసుకున్నారు. టవర్ల మీద పోయే కరెంటు ఎక్కువ వోల్టేజిది, దాన్ని నేరుగా ఇంటికి తీసుకోలేం. సబ్‌స్టేషన్ కట్టాలి, స్తంభాలు పాతాలి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. కొండకొకటిగా పదీ ఇరవై ఇళ్లున్న గూడేలకు ఆ ఖర్చు లెక్క ఎప్పుడూ తేలలేదు. లెక్క నిజమే. కానీ ఊళ్లు ముంచేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేయలేదు.

నిజానికి మన దేశంలో జలవిద్యుత్ చిన్నగానే మొదలైంది. 1897లో డార్జిలింగ్ దగ్గర సిద్రపోంగ్‌లో పెట్టిన కేంద్రం 130 కిలోవాట్లదే. కొండవాగు నీటితో నడిచి ఆ కొండ పట్టణానికే వెలుగిచ్చింది. పెద్ద ఆనకట్టలు, దూరపు లైన్లు తర్వాతి కథ.

ఇప్పుడు మళ్లీ చిన్నవాటి కాలం వచ్చింది. 2017 నాటి సౌభాగ్య పథకంలో లైను వేయలేని ఇళ్లకు సోలార్ పలక, బ్యాటరీ, ఐదు ఎల్‌ఈడీ బల్బులు, ఒక ఫ్యాను ఇవ్వాలన్నారు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ కింద కరెంటు లేని ఆదిమ గిరిజన కుటుంబాలకు ఇంటికి 0.3 కిలోవాట్ సోలార్ యూనిట్ అన్నారు. మన దగ్గర చెంచులు, కొండరెడ్లు, గదబలు, పోర్జలు ఆ కోవలోకి వస్తారు.

వెలుగు వచ్చిందంటే సంతోషమే. పిల్లలు రాత్రి చదువుకుంటారు, ఫోన్ ఛార్జింగ్ కోసం సంతకు పోనక్కర్లేదు. కానీ 0.3 కిలోవాట్ అంటే 300 వాట్లు. దాంతో పిండిమర ఆడదు, పసుపు మర తిరగదు, కాఫీ పళ్ల తొక్క తీసే పెద్ద యంత్రం నడవదు. కొన్నేళ్లకు బ్యాటరీ పాడైతే మార్చేవాడు ఊళ్లో లేకపోతే, పలక ఇంటి కప్పు మీద ఉత్త అలంకారం. అందుకే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివే మన పిల్లల్ని చూస్తే నాకు గూడేనికి లైను వచ్చినంత ధైర్యంగా ఉంటుంది.

కథ ఇక్కడితో ఆగలేదు. మైదానాల్లో సోలార్ పెరిగేకొద్దీ, పగటి కరెంటును రాత్రికి దాచడానికి మళ్లీ మన లోయలే కావాల్సి వస్తున్నాయి. ఎక్కువున్నప్పుడు నీటిని పై రిజర్వాయర్‌కు తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలే పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ఎగువ సీలేరులోనే 1350 మెగావాట్లకు తలపెట్టారు. మాచ్‌ఖండ్ కంటే పదకొండు రెట్లు పెద్దది.

1955లో లేనిది ఒకటి ఇప్పుడుంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ ఆ గ్రామసభలో సభ్యులే.