ఊడిన లప్పం

సంక్రాంతి ముందు శనివారం. కవాడిగూడలో మా మేడ మీద, బట్టలారేసే తీగ కింద, నాన్నగారి మారుతి 800 ముందు బంపరు రెండు స్టూళ్ల మీద పడుకుని ఉంది. గోరు పెట్టి గీరితే చాలు, లప్పం బిళ్లలు బిళ్లలుగా లేచివస్తోంది. వారం రోజులు ఆఫీసు నుంచి రాగానే రేగ్‌మాల్ పట్టుకుని కూర్చున్న పని అది.

నాన్నగారు పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆయన ఆఖరుసారి బండి తీసినప్పుడు గేటు స్తంభానికి తగిలి బంపరు కుడివైపు పగిలింది. కొత్తది వేయించమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. పగులు అతకాలి, పనిలో పనిగా అక్కర్లేని గాళ్లూ రంధ్రాలూ పూడ్చి, ముందు భాగాన్ని ఏటి గులకరాయిలా చెయ్యాలి. అదీ నా పట్టు.

సందు చివర డెంటింగ్ చేసే పెద్దాయన్ని పిలిచాను. మా గల్లీ అంతటికీ ఆయన చాచా. ఊడిన బిళ్లల వంక చూడనేలేదు. బంపరును బోర్లించి, లోపలి మట్టిని బొటనవేలితో తుడిచాడు.

"ఇక్కడ ఏం రాసుందో చదివినవా బేటా?"

రెండే అక్షరాలు. పీపీ. అంటే పాలీప్రొపిలీన్.

"నువ్వు రేకుకు పెట్టే లప్పం పెట్టినవ్. ఇది రేకు గాదు. దీనికి ఏదీ జల్దీ అంటదు."

అంబాసిడర్లకూ పాత ఫియట్లకూ ఉండేది మెరిసే ఉక్కు బంపరు. సుత్తెతో సాగగొట్టుకోవచ్చు. పాలీప్రొపిలీన్ గుణం వేరు. దాని ఒంటి మీద రంగుగానీ జిగురుగానీ పరుచుకోదు. పైగా దెబ్బ తగిలితే వంగి మళ్లీ లేస్తుంది. గట్టి లప్పం దానితోపాటు వంగలేక పెచ్చులూడుతుంది. అది చదవకుండా వారం రోజులు రుద్దాను.

ఆ రాత్రే వదిలేద్దామనుకున్నాను. మర్నాడు పిల్లల్ని జూపార్కుకు తీసుకెళ్లి, దగ్గర్లోని బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియంలో అడుగుపెట్టాను. కన్యబోయిన సుధాకర్ 2010లో తెరిచిన చోటు అది. వంకాయ కారు, బూటు కారు, ఫుట్‌బాల్ కారు, కెమెరా కారు. బడి రోజుల నుంచీ పాత సామాన్లు పోగేసి చేతితో చేసుకుంటూ వచ్చిన మనిషి. 2005 జూలై 1న మన హైదరాబాదులోనే 12.67 మీటర్ల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు సాధించాడు. దాని చక్రం అడ్డుకొలతే 5.18 మీటర్లు! వంకాయ కారు ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ వంపు మీద ఎక్కడా చూపు తట్టుకోలేదు. ఎన్ని చేతులు ఎన్ని రోజులు తడిమితే వచ్చిన నునుపో అది.

ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. పాత లప్పమంతా గీకేశాను. సబ్బునీళ్లతో కడిగి, జిడ్డు వదిలించాను. లోపలివైపు నుంచి పీపీ కడ్డీని కరిగించి చాచా పగులు అతికాడు. 180 నంబరు కాగితంతో గరుకు చేసి, ప్లాస్టిక్కుకు పట్టేలా చేసే ప్రైమరు కొట్టి, దానిమీద వంగే గుణమున్న బంపరు లప్పం పల్చటి పొరలుగా పెట్టాను. లావుగా ఒకేసారి పెడితే లోపల గాలిబుడగలు మిగులుతాయి. పక్కింటాయన ముందు ఇనుప గార్డు కూడా పెట్టించమన్నాడు. వద్దన్నాను. ఎదురొచ్చిన మనిషికి అది ప్రమాదం. 2017 డిసెంబరులో కేంద్రం వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది కూడా. నంబరు ప్లేటు చోటు మాత్రం అలాగే ఉంచాను, అది కనబడాల్సిందే.

తర్వాత చాచా నల్లరంగును దుమ్ములా చల్లి, "ఇప్పుడు రుద్దు" అన్నాడు. 320 కాగితం చెక్కకు చుట్టి రుద్దితే ఎత్తులన్నీ తెల్లబడ్డాయి. పల్లాల్లో నలుపు మిగిలిపోయింది. నున్నగా ఉందనుకున్న చోటే ఏడు మచ్చలు తేలాయి! మళ్లీ లప్పం, మళ్లీ రుద్దడం. భోగి రోజు ప్రైమరు తడి ఆరకముందే ఎవరిదో తెగిన గాలిపటం మాంజా వచ్చి అడ్డంగా అంటుకుంది. దాన్ని తీసి, 800 నంబరు నీటి కాగితంతో ఆ గీతను చెరపడానికి ఒక పూట పట్టింది.

కనుమ నాడు అమ్మ మేడెక్కింది. బియ్యంలో రాళ్లు ఏరే చేయి. కళ్లు మూసుకుని ఆ చివర నుంచి ఈ చివరకు అరచేయి నడిపించింది. కుడివైపు ఆగింది.

"ఇక్కడేనా, మీ నాన్న కొట్టింది?"

"ఎలా తెలిసిందమ్మా?"

"కొంచెం చల్లగా ఉంది."

లోపలివైపు తిప్పి చూపించాను. కరిగించి అతికిన గీత అలాగే ఉంది, వేలెడు పొడవున, నరంలా ఉబ్బి. అక్కడ రుద్దలేదు. చాచా నాలుగు బోల్టులు అందించాడు, బిగించాను.