రాక్ సంగీతమున అల్పాయుష్క సమ్మేళనములు

మన కర్ణాటక సంగీత సభలలో నేడొక విద్వాంసుని ప్రక్కన వాయులీనము వాయించినవారు రేపు మరియొకరి ప్రక్కన కూర్చుండుట నిత్యము చూచునదే గాని, అందులో వింతగాని ద్రోహముగాని ఎవ్వరికిని తోపదు. ఏలయన అచట కచ్చేరీ ముగియుటతోనే మేళమును ముగియును. ఇంగ్లండునందును అమెరికాయందును 1950ల నుండి పెరిగిన రాక్ సంగీతము ఈ విషయమున వేరు త్రోవ త్రొక్కినది. అచట వ్యక్తికన్న బృందము పెద్దది. నలుగురు యువకులు కలిసి ఒక పేరు పెట్టుకొని, ఒక రికార్డు కంపెనీకి ఒడంబడిక వ్రాసియిచ్చి, ఆ పేరుతోనే లోకమునకు పరిచితులగుదురు. అభిమానులు ఆ పేరును తమ యింటిపేరువలె మోయుదురు. కావున ఒక బృందమువాడు మరియొక బృందమువానితో కలిసి పాడినచో అది వార్త యగును. రెండు మూడు ప్రసిద్ధ బృందములవారు చేరి క్రొత్త బృందము కట్టినచో అది సంచలనమే యగును. ఇట్టి వానిని పత్రికలు 1960ల చివర నుండి సూపర్‌గ్రూపులని పిలువసాగినవి. వీనిలో చాలవరకు రెండు మూడేండ్లు దాటి బ్రతుకలేదు. కొన్నింటి ఆయుష్షు ఒక్క వేసవి, కొన్నింటిది ఒక్క రాత్రి. కళాకారుల అహంకారమే ఇందుకు కారణమని సామాన్యముగా చెప్పుదురు. అహంకారము లేకపోలేదు గాని, ఈ చరిత్రను వరుసగా పరిశీలించినచో, కలయిక ముందు జరిగి ప్రకటన తరువాత వెలువడినదా, లేక ప్రకటన ముందు వెలువడి దానికి తగిన సంగీతమును తరువాత వెదుకుకొనవలసి వచ్చినదా యనునదే అసలు ప్రశ్నయని నాకు తోచుచున్నది.

ఈ కథకు మొదటి అధ్యాయము 1956 డిసెంబరు 4వ తేదీన, టెనెసీ రాష్ట్రమందలి మెంఫిస్ నగరమున, సన్ స్టూడియోలో జరిగినది. ఆనాడు కార్ల్ పెర్కిన్స్ తన సోదరులతో అచట పాటలు రికార్డు చేయుచుండెను. అప్పటికింకను లోకమెరుగని జెర్రీ లీ లూయిస్ కూలికి పియానో వాయించుటకు వచ్చియుండెను. ఏడాది క్రితమే సన్ కంపెనీని విడిచి ఆర్‌సీఏ కంపెనీలో చేరి, ఆ యేడాదిలోనే దేశమంతట మారుమ్రోగిన ఎల్విస్ ప్రెస్లీ, పాతవారిని పలుకరించి పోవుదమని లోపలికి వచ్చి పియానో ముందు కూర్చుండెను. జానీ క్యాష్ కూడ అచటనే యుండెను. యజమాని శాం ఫిలిప్స్ స్థానిక పత్రికవారిని పిలిపించి ఆ నలుగురి ఛాయాచిత్రము తీయించెను. టేపు మాత్రము తిరుగుచునే యుండెను. వారు పాడిన వానిలో చిన్ననాట చర్చిలో నేర్చిన భక్తిగీతములు హెచ్చు. మధ్య మధ్య మాటలు, నవ్వులు, సగము పాడి విడిచిన పల్లవులు. ఒక్క మధ్యాహ్నముతో ఆ బృందము పుట్టి గిట్టినది. ప్రెస్లీ గొంతు అప్పటికి వేరొక కంపెనీ సొత్తు. ఆ టేపు 1981 వరకు రికార్డుగా వెలువడలేదు. రాబోవు కాలమున ఇట్టి ప్రతి కలయికకును తోడునీడయై వెంట నడచిన రెండు శక్తులు, చనువుగా కలిసి పాడవలెనను ముచ్చటయు, ఒడంబడికల సంకెలయు, ఆనాటి గదిలోనే ఉండినవి.

ఉద్దేశపూర్వకముగా కట్టిన మొదటి ప్రసిద్ధ సమ్మేళనము 1966లో లండనులో వెలసిన క్రీం. యార్డ్‌బర్డ్స్ బృందముతోడను, జాన్ మాయల్ బృందముతోడను గిటారు వాయించి కీర్తి గడించిన ఎరిక్ క్లాప్టన్‌ను డ్రమ్ముల విద్వాంసుడు జింజర్ బేకర్ క్రొత్త బృందమునకు పిలువగా, బేస్ గిటారునకు జాక్ బ్రూస్ ఉండినచో వత్తునని ఆతడు షరతు పెట్టెను. బేకర్, బ్రూసులు అంతకుముందు గ్రాహం బాండ్ బృందములో కలిసి పనిచేసి, బద్ధవైరులై విడిపోయినవారు. కయ్యము పునాదిలోనే ఉండినను, వారి వాయిద్యముల నడుమ రగిలిన పోటీయే ఆ సంగీతమునకు ప్రాణమిచ్చినదనుట సత్యము. రంగస్థలముపై ఒక్కొక్క పాట ఇరువది నిమిషముల వరకు సాగెడిది. ధ్వనివర్ధకములు నానాటికి పెరిగి, ఎవరి వాద్యము వారికే వినబడు స్థితి వచ్చినది. ఒకనాడు తాను వాయించుట ఆపివేసినను మిగిలిన యిద్దరును గమనింపలేదని క్లాప్టన్ తరువాతి కాలమున చెప్పుకొనెను. 1968 నవంబరు 26న లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో వీడ్కోలు కచ్చేరీ చేసి ఆ ముగ్గురును విడిపోయిరి.

ఆ యేడాదియే అమెరికాలో అల్ కూపర్ రెండు దినములకై స్టూడియో తీసికొని గిటారు విద్వాంసుడు మైక్ బ్లూమ్‌ఫీల్డ్‌ను రప్పించెను. మొదటి దినము మహాద్భుతముగ వాయించిన బ్లూమ్‌ఫీల్డ్, నిద్రపట్టని బాధచే రెండవనాటికి లేకుండ వెడలిపోగా, కూపర్ గాభరాపడి బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ బృందమునకు చెందిన స్టీఫెన్ స్టిల్స్‌ను పిలిపించి పని పూర్తిచేసెను. 'సూపర్ సెషన్' అను పేర వెలువడిన ఆ రికార్డు అనూహ్యముగ అమ్ముడుపోయినది. రెండు దినముల శ్రమకు ఇంత రాబడి యుండునని తెలియుటతో, పెద్ద పేర్లను ఒకచో చేర్చుటయే ఒక వ్యాపారమగునను భావము కంపెనీల మనసులలో నాటుకొన్నది. 1968 డిసెంబరు 11న రోలింగ్ స్టోన్స్‌వారు సర్కసు పందిరి వేసి తీసిన చిత్రమున, బీటిల్స్ బృందపు జాన్ లెనన్, క్లాప్టన్, తన గిటారును విడిచి బేస్ పట్టిన కీత్ రిచర్డ్స్, జిమీ హెండ్రిక్స్‌కు డ్రమ్ములు వాయించు మిచ్ మిచెల్ కలిసి డర్టీ మాక్ అను పేర వాయించిరి. దాని జీవితము ఆ యొక్క ప్రదర్శనయే. చిత్రము 1996 వరకు పెట్టెలోనే యుండినది.

ఇంతలో వచ్చినది బ్లైండ్ ఫెయిత్. ఈ చరిత్రలో నన్ను మిక్కిలి కలచిన అధ్యాయమిదియే. 1969 ఆరంభమున, క్రీం అలసట తీరని క్లాప్టన్, ట్రాఫిక్ బృందమును విడిచిన స్టీవ్ విన్‌వుడ్ ఇంటికి పోయి, బెర్క్‌షైర్ పల్లెలోని ఆ కుటీరమున ఏ లక్ష్యమును లేక వాయించుచు దినములు గడుపుచుండెను. బేకర్ చెప్పకయే వచ్చి చేరెను. విన్‌వుడ్ సంతోషించెను, మరల క్రీం అగునేమోయని క్లాప్టన్ జంకెను. ఫ్యామిలీ బృందమునుండి రిక్ గ్రెచ్ బేస్ వాయించుటకు వచ్చెను. ఆ నలుగురి నడుమ ఒక భాష ఏర్పడుటకు కొంతకాలము కావలసియుండెను. ఆ కాలమును వారికెవ్వరును ఈయలేదు. పత్రికలకు వార్త పొక్కెను, కంపెనీలు లెక్కలు వేసెను, అమెరికా యాత్ర ఖాయమయ్యెను. జూన్ 7న లండను హైడ్ పార్కులో వారి మొట్టమొదటి కచ్చేరీ వినుటకు సుమారు ఒక లక్ష మంది వచ్చిరి. ఒక్క కచ్చేరీయైనను చేసియుండని బృందమునకు లక్షమంది శ్రోతలు! ఆనాటి చిత్రమును చూచినవారికి, ఎండలో నిలిచి కొలత తప్పకుండ, మెల్లగా, బెరుకుగా వాయించు క్లాప్టన్ ముఖమున ఆ భారము స్పష్టముగ కనబడును.

జులై 12న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో అమెరికా యాత్ర మొదలయినది. సొంత పాటలు గంటసేపటికైనను చాలవు. శ్రోతలు క్రీం పాటలకై కేకలు వేయగా వారు పాత పాటలను పాడియిచ్చిరి. పాడినకొలది కేకలు పెరిగినవి. తమకు ముందు పాడుటకు తెచ్చుకొన్న డెలనీ, బోనీ దంపతుల చిన్న బృందము ఏ పేరుప్రతిష్ఠల బరువును లేక ఆనందముగ పాడుకొనుట చూచి, క్లాప్టన్ వారి బస్సులోనే ప్రయాణము చేయసాగెను. ఆగస్టు 24న హవాయి ద్వీపమున ఆ యాత్ర ముగిసెను. దానితో బృందమును ముగిసెను. ఆరే పాటలు గల వారి యేకైక ఆల్బం ఆ దినములలోనే వెలువడి అటు ఇంగ్లండులోను ఇటు అమెరికాలోను ప్రథమస్థానమందినది. విన్‌వుడ్ వ్రాసి పాడిన 'కాంట్ ఫైండ్ మై వే హోం' అను పాట నేటికిని వినబడుచున్నది. కుటీరములో పుట్టిన సంగీతము అందులో ఉన్నది. మరి రెండేండ్లు దానినట్లే పెరుగనిచ్చియుండినచో ఏమయ్యెడిదో యను వ్యథ, ఆ పాట వినిన ప్రతిసారియు నాకు కలుగును.

క్లాప్టన్ మాత్రము ఈ దెబ్బను మరువలేదు. 1970లో కట్టిన తరువాతి బృందమునకు డెరెక్ అండ్ ది డామినోస్ అని పేరు పెట్టి, తన పేరును మరుగుపరచెను. మయామీ నగరపు క్రైటీరియా స్టూడియోలో ఆల్‌మన్ బ్రదర్స్ బృందపు డ్యువేన్ ఆల్‌మన్ వచ్చి కలిసి, 'లైలా' మొదలగు పాటలలో గిటారు వాయించి, మరల తన బృందమునకు తాను పోయెను. అయినను కంపెనీవారు డెరెక్ అనగా ఎరిక్కేయని తెలుపు బిళ్ళలు అచ్చొత్తించి పంచిరి! పేరు దాచుకొను ఈ అలవాటు ఆ కాలమున ఒక్క క్లాప్టన్‌దే కాదు. క్రీం వారి చివరి ఆల్బములో గిటారు వాయించిన బీటిల్స్ గాయకుడు జార్జి హారిసన్, అట్టమీద ఒక ఇటాలియను మారుపేరుతోనే కనబడెను. అంతకుముందు బీటిల్స్ రికార్డులో క్లాప్టన్ వాయించినపుడు ఆతని పేరే అచ్చుకాలేదు.

ఇదే కాలమున బర్డ్స్ నుండి డేవిడ్ క్రాస్బీ, హాలీస్ నుండి గ్రాహం నాష్, ముందు చెప్పిన స్టిల్స్ చేరి తమ మూడు పేర్లనే బృందమునకు పెట్టుకొనిరి. ఎవరు ఎప్పుడు విడిపోయినను పేరుకై తగవు రాకుండ చేసిన ఏర్పాటది. నాష్‌ను విడిపించుటకు రెండు కంపెనీలు క్రీడాకారులను మార్చుకొన్నట్లు గాయకులను మార్చుకొనినవి. 1969లోనే నీల్ యంగ్ కూడ వారితో కలిసెను. విడిపోవుట, కలియుట వారికి యేండ్ల తరబడి సాగినది.

1971 ఆగస్టు 1న మాడిసన్ స్క్వేర్ గార్డెనులో జరిగిన బంగ్లాదేశ్ సహాయ కచ్చేరీ బృందము కాదు గాని, దానిని విడిచి ఈ చరిత్ర చెప్పరాదు. తూర్పు బెంగాలు శరణార్థుల దుఃస్థితికి కుమిలిన పండిత రవిశంకర్ హారిసన్‌ను అర్థింపగా, ఆతడు కొద్ది వారములలోనే బాబ్ డిలన్, క్లాప్టన్, రింగో స్టార్, లియన్ రస్సెల్, బిల్లీ ప్రెస్టన్ మొదలగువారిని కూడగట్టెను. ముందుగా రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖాలు కూర్చుండి శ్రుతి కూర్చుకొనగా సభ్యులు అదియే కచ్చేరీ యనుకొని చప్పట్లు చరచిరి. శ్రుతికే ఇంత మెచ్చినవారు సంగీతమును ఇంకను మెత్తురని రవిశంకర్ మృదువుగా పలికెను. ఆ దినపు రెండు కచ్చేరీలకు సుమారు 40,000 మంది వచ్చిరి, సుమారు 2,43,000 డాలర్లు సమకూరినవి. రికార్డు మాత్రము కంపెనీల వాదములవలన డిసెంబరు వరకు ఆగినది.

తరువాతి యేండ్లను గూర్చి హెచ్చుగ చెప్పవలసినది లేదు. 1982లో వెలువడిన ఏషియా బృందపు మొదటి ఆల్బం అమెరికాలో తొమ్మిది వారములు ప్రథమస్థానమున నిలిచినను, అందు నాలుగు పెద్ద బృందముల నైపుణ్యము వినబడునంతగ ఒక క్రొత్త హృదయము వినబడదు. జిమీ పేజ్, పాల్ రాడ్జర్స్ కట్టిన ది ఫర్మ్ రెండు ఆల్బములతో ముగిసెను.

1988 ఏప్రిలులో కథ మరల మెంఫిస్ నాటి దారికి వచ్చినది. హారిసన్‌కు తన చిన్న రికార్డొకదానికి రెండవ వైపు నింపుటకు ఒక పాట కావలసివచ్చెను. ఆతని నిర్మాత జెఫ్ లిన్, భోజనమునకు వచ్చిన రాయ్ ఆర్బిసన్, గిటారు తిరిగి తెచ్చుకొనుటకు పోయిన యింటిలోని టాం పెటీ, మాలిబూలో ఇంటి స్టూడియో గల బాబ్ డిలన్, ఇట్లు అయిదుగురు ఒకచోట చేరిరి. డిలన్ గ్యారేజీలోని ఒక పెట్టెపై, పదిలముగా పట్టుకొనుడను అర్థమున అంటించిన చీటీని చూచి హారిసన్ దానినే పాటకు పల్లవిగా గ్రహించెను. కంపెనీవారు విని, ఇంత మంచి పాటను రెండవ వైపున పాతిపెట్టరాదనిరి. డిలన్ కచ్చేరీ యాత్రకు పోవలసియుండుటచే మే నెలలో పది దినములే చిక్కినవి. లాస్ ఏంజెలిస్‌లో డేవ్ స్టూవర్ట్ ఇంటి వంటగదిలో అయిదుగురు వలయముగ కూర్చుండి మామూలు గిటార్లతో శ్రుతి కూర్చి, భోజనానంతరము చరణములు వ్రాసికొని, అపుడే పాడిరి. బయటకు వచ్చునపుడు తమ పేర్లు విడిచి, ట్రావెలింగ్ విల్బరీస్ అను కల్పిత కుటుంబమున సోదరులుగా మారుపేర్లు పెట్టుకొనిరి. ఏ ఒడంబడికల భయముచే 1969లో హారిసన్ మారుపేరు ధరించెనో, ఆ మారుపేరే ఇపుడు ఆటవిడుపైనది. అక్టోబరులో ఆల్బం వెలువడెను. డిసెంబరు 6న ఆర్బిసన్ హఠాత్తుగ మరణించెను. 1990లో మిగిలిన నలుగురు మరియొక ఆల్బం చేసిరి గాని, ఆ మహోన్నత కంఠము లేని లోటు పూడలేదు. ఆ బృందము ఒక్క కచ్చేరీయు చేయలేదు.

సియాటిల్ నగరపు కథ దీనికన్న గంభీరమైనది. 1990 మార్చి 19న మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ మాదకద్రవ్యము వికటించి 24 ఏండ్లకే మరణించెను. ఒకే యింట ఆతనితో నివసించిన సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్, దుఃఖము దిగమ్రింగలేక రెండు పాటలు వ్రాసి, వుడ్ బృందపు స్టోన్ గాసర్డ్, జెఫ్ అమెంట్‌లను చేరదీసెను. ఆ కలయికయే టెంపుల్ ఆఫ్ ది డాగ్ అను బృందమయ్యెను. ఒకనాటి సాధకమున కార్నెల్ ఒకే పాటలో మంద్రమును తారమును తానే పాడుటకు అవస్థపడుచుండగా, గాసర్డ్, అమెంట్‌ల క్రొత్త బృందములో చేరుటకు శాండియాగో నుండి వచ్చి మూల నిలిచియున్న ఎడీ వెడర్ అను బిడియపు యువకుడు మైకు వద్దకు వచ్చి మంద్రభాగమును అందుకొనెను. ఆ పాట 'హంగర్ స్ట్రైక్'. ఆ యువకుని క్రొత్త బృందము పర్ల్ జాం. 1991 ఏప్రిలులో వెలువడిన టెంపుల్ ఆఫ్ ది డాగ్ ఆల్బమును మొదట కొనినవారు కొద్దిమంది; మరుసటి యేడు సౌండ్‌గార్డెన్, పర్ల్ జాం రెండును ప్రఖ్యాతి చెందగా కంపెనీ దానిని మరల విపణికి తెచ్చి పది లక్షలకు పైగా అమ్మినది. తలపెట్టిన కార్యము చనిపోయిన మిత్రునికి నివాళి. అది నెరవేరెను, వారు తమ తమ బృందములకు మరలిరి. ఇట్టి బృందమును అల్పాయువని జాలిపడుట నాకు న్యాయముగ తోపదు.

2000 తరువాత ఇట్టివి విరివియైనవి. లెడ్ జెపెలిన్ బేస్ విద్వాంసుడు జాన్ పాల్ జోన్స్, డేవ్ గ్రోల్, జాష్ హోమీలతో కూడి 2009లో దెం క్రూకెడ్ వల్చర్స్ పేర చేసిన ఆల్బం, పెద్దవాని అనుభవమును చిన్నవారి ఉద్రేకమును నిజముగ కలిపినది. 2011లో మిక్ జాగర్, డేవ్ స్టూవర్ట్, జాస్ స్టోన్, డేమియన్ మార్లేలతో మన ఎ.ఆర్. రెహమాన్ కూడి సూపర్‌హెవీ అను బృందముగ వెలుగులోనికి వచ్చి, 'సత్యమేవ జయతే' యను పాటను కూడ తమ ఆల్బమున చేర్చిరి. రెహమాన్ స్వరము జాగర్ స్వరముతో చేరుట మనకు ముచ్చట గొలిపినను, అయిదు మార్గములవారు ఒండొరుల సంగీతమున మునుగుటకు తగిన కాలము దానికిని చిక్కలేదని వినినంతనే తెలియును. ఆల్బం సెప్టెంబరులో వెలువడెను. కచ్చేరీ యాత్ర జరుగలేదు. రెహమాన్ చలనచిత్రములకు మరలెను. మరుసటి యేడు నవంబరులో జాగర్ లండనున తన సొంత రోలింగ్ స్టోన్స్ యొక్క 50 ఏండ్ల ఉత్సవ కచ్చేరీలకు వేదిక యెక్కెను.